ఇంట్లో ఎవరైనా చనిపోతే పిల్లలకి ఎలా చెప్పాలి, తర్వాత ఎలా చూసుకోవాలి

ముందు ఒకటి, దాచొద్దు. వాళ్ళు బాగా నమ్మే మనిషే పక్కన కూర్చుని "చనిపోయారు, ఇక తిరిగి రారు" అని సూటిగా చెప్పాలి, నిద్రపోయారు ఊరెళ్ళారు అంటే చిన్నపిల్లలు పడుకోడానికే భయపడొచ్చు లేదా రోజూ ఎదురుచూస్తూ ఉంటారు. 5 ఏళ్ళలోపు వాళ్ళకి చావంటే శాశ్వతం అని సరిగ్గా అర్థం కాదు, అందుకే అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతారు, విసుక్కోకుండా అదే జవాబు చెప్పండి.

చాలామంది గమనించనిది గిల్ట్. నేను కోప్పడ్డా కాబట్టే నాన్న చనిపోయాడు అని లోపల్లోపలే అనుకుంటారు పైకి చెప్పరు, వాళ్ళు అడక్కపోయినా "ఇందులో నీ తప్పేం లేదు" అని మీరే చెప్పండి, ఒక్కసారి కాదు. ఇప్పుడే ఏడ్చి కాసేపట్లో ఆడుకుంటుంటే బాధ లేదని కాదు, పిల్లల దుఃఖం అలాగే వచ్చిపోతుంటుంది. పక్క తడపడం, కడుపునొప్పి అనడం కూడా మామూలే, తిట్టొద్దు ప్లీజ్.

స్కూల్, తిండి, నిద్ర టైమింగ్స్ వీలైనంత పాతవే ఉంచండి, టీచర్‌కి విషయం చెప్పండి. టీనేజ్ వాళ్ళని మాట్లాడమని బలవంతపెట్టకండి, "ఎప్పుడైనా సరే నేనున్నా" అంటే చాలు.

పీడకలలు, భయాలు నెల దాటినా తగ్గకపోతే చైల్డ్ సైకాలజిస్ట్‌ని కలవండి. చచ్చిపోవాలనుంది అంటే మాత్రం ఒంటరిగా వదలొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.