ఎస్‌ఎస్‌ఐ పేజీ తేడాగా వస్తున్నదా? సమస్యలు - పరిష్కారాలు

ఒక వెబ్‌సైటులో అరవై పేజీలు ఉండి, అన్నింటికీ పైన ఒకే మెనూ, కింద ఒకే చిరునామా ఉన్నప్పుడు, ఆ రెండింటినీ విడి ఫైళ్లలో ఉంచి, పేజీని పంపే ముందు సర్వరే వాటిని అతికించేటట్లు చేసే పాత పద్ధతి పేరు సర్వర్ సైడ్ ఇన్‌క్లూడ్స్, పొట్టిగా ఎస్‌ఎస్‌ఐ. ఎన్‌సీఎస్‌ఏ సర్వర్ కాలం నుంచి, అంటే 1990ల తొలి సంవత్సరాల నుంచి ఉన్న ఈ పద్ధతికి డేటాబేస్ అక్కరలేదు, వేరే ప్రోగ్రామింగ్ భాష అక్కరలేదు. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాములు రెండింటిలోనూ ఈనాటికీ పనిచేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, తప్పు జరిగినప్పుడు ఇది చాలాసార్లు నోరు విప్పదు.

ఎక్కడ ఏ ఫైలును అతికించాలో సర్వర్‌కు చెప్పడానికి పేజీలో రాసే వరుసలే ఎస్‌ఎస్‌ఐ ఆదేశాలు; వాటిలో ముఖ్యమైనది ఇన్‌క్లూడ్. ఆదేశాల పేర్లను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాశాను; ఫైళ్లలో మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాలలోనే టైపు చేయాలి. ప్రత్యేకంగా చెప్పని చోటల్లా ఉద్దేశించినది అపాచీ 2.4.

ముందుగా పేజీ సోర్సు చూడండి

బ్రౌజర్‌లో కంట్రోల్, యు కలిపి నొక్కితే పేజీ సోర్సు తెరుచుకుంటుంది. ఇన్‌క్లూడ్ ఆదేశం అక్కడ మీరు రాసినది రాసినట్లే కనిపిస్తే, సర్వర్ దానిని చదవనే లేదు. దాని స్థానంలో, ఈ ఆదేశాన్ని నిర్వహించడంలో లోపం జరిగిందన్న అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం చదరపు బ్రాకెట్లలో ఉంటే, సర్వర్ చదివింది గాని పని పూర్తి చేయలేకపోయింది. ఈ రెండూ కాక, పాఠ్యం వచ్చి అది తప్పుగా ఉంటే, చాలావరకు లోపం చేర్చిన ఫైలులోనే ఉంటుంది. ఈ మూడింటిలో ఏదో తేలకముందే కాన్ఫిగరేషన్‌ను, అంటే సర్వర్ అమరికలను, మార్చడం మొదలుపెడితే రోజంతా తిరిగిన చోటే తిరగవలసి వస్తుంది.

లక్షణం: సోర్సులో ఆదేశం అలాగే ఉంది, పేజీలో ఆ చోటు ఖాళీగా ఉంది

ఎస్‌ఎస్‌ఐ ఆదేశం హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్య రూపంలో ఉంటుంది కనుక, సర్వర్ పట్టించుకోకపోతే బ్రౌజర్ దానిని వ్యాఖ్యగానే భావించి దాచేస్తుంది. అందువల్లనే పేజీలో ఏ దోషమూ కనిపించదు.

అన్నిటికంటే సులువైన కారణం, ఫైలును సర్వర్ ద్వారా కాకుండా మీ కంప్యూటర్ ఫోల్డరులో డబుల్ క్లిక్ చేసి తెరవడం. అప్పుడు మధ్యలో సర్వరే లేదు కాబట్టి అతికించేవారు లేరు. చిన్న అపాచీని సొంత యంత్రంలో నడిపి దాని ద్వారానే చూడాలి.

సర్వర్ ద్వారా తెరిచినా ఇదే జరిగితే మూడు చోట్ల వెతకాలి. మొదటిది, మాడ్ ఇన్‌క్లూడ్ అనే మాడ్యూల్, అంటే ఎస్‌ఎస్‌ఐని చదివే అపాచీ భాగం, లోడ్ అయి ఉండాలి. డెబియన్, ఉబుంటులలో దానిని ఏ2ఎన్‌మాడ్ కమాండుతో ప్రారంభించి అపాచీని రీస్టార్ట్ చేయాలి. రెండవది, అపాచీ కాన్ఫిగరేషన్‌లో ఆ డైరెక్టరీకి (ఫోల్డరుకు) ఆప్షన్స్ వరుసలో ఇన్‌క్లూడ్స్ ఉండాలి. ముందు ప్లస్ గుర్తు పెట్టడం మరవకండి, ఎందుకంటే గుర్తు లేకుండా రాస్తే అంతవరకు ఆ డైరెక్టరీకి వర్తిస్తున్న మిగిలిన ఆప్షన్లన్నీ రద్దయిపోయి, ఎస్‌ఎస్‌ఐ బాగుపడిన రోజే మరొకటి చెడుతుంది. మూడవది, ఏ పొడిగింపు గల ఫైళ్లను చదవాలో యాడ్ అవుట్‌పుట్ ఫిల్టర్ వరుసలో చెప్పాలి. సాధారణంగా అది డాట్ ఎస్‌హెచ్‌టీఎంఎల్. ఫైలు పేరు డాట్ హెచ్‌టీఎంఎల్‌గానే ఉండాలనుకుంటే ఎక్స్‌బిట్‌హ్యాక్ అనే అమరికను ఆన్ చేసి, కావలసిన ఫైళ్లకు మాత్రమే ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వవచ్చు. ఇది విండోస్‌లో పనికిరాదు.

అద్దె హోస్టింగ్‌లో ఈ వరుసలను హెచ్‌టీయాక్సెస్ అనే, ఫోల్డరులోనే ఉంచే అమరికల ఫైలులో రాస్తాము. ప్రధాన కాన్ఫిగరేషన్‌లో అలౌ ఓవర్‌రైడ్ విలువ నన్ అని ఉంటే ఆ ఫైలును సర్వర్ అసలు తెరవదు, తెరవలేదని చెప్పదు కూడా. తేల్చుకోవడానికి ఒక మోటు ఉపాయం ఉంది: హెచ్‌టీయాక్సెస్ మొదటి వరుసలో అర్థం లేని పదమొకటి రాసి పేజీని తెరవండి. 500 దోషం (సర్వర్ అంతర్గత లోపం) వస్తే ఫైలును చదువుతున్నట్లు, పేజీ మామూలుగా వస్తే పట్టించుకోనట్లు. పరీక్ష ముగియగానే ఆ పదాన్ని తీసివేయాలి. అర్థం లేని పదం లేకుండానే, ఆప్షన్స్ వరుస చేర్చగానే 500 వస్తే, ఆప్షన్లను మార్చే అనుమతి మీకు లేదని అర్థం. అది హోస్టింగ్ వారు ఇవ్వవలసినదే.

ఇవన్నీ సరిగా ఉన్నా ఆదేశం అలాగే మిగిలితే దాని రాతను చూడండి. రెండు హైఫన్ల తరువాత హ్యాష్ గుర్తు వెంటనే రావాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ముగింపు హైఫన్లకు ముందు మాత్రం ఒక ఖాళీ ఉండాలి. వర్డ్ వంటి ప్రోగ్రాములో రాసి తెచ్చిన ఆదేశంలో రెండు హైఫన్లు కలిసిపోయి ఒక పొడవు గీతగా మారి ఉండవచ్చు.

లక్షణం: పేజీలో దోష వాక్యం కనిపిస్తోంది

ఇక్కడ అందరూ పొరబడేది ఫైల్, వర్చువల్ అనే రెండు లక్షణాల దగ్గర. ఫైల్ అని రాస్తే దారిని ప్రస్తుత పేజీ ఉన్న డైరెక్టరీ నుంచి లెక్కిస్తారు. రెండు చుక్కలతో పైకి వెళ్లడానికి గాని, స్లాష్‌తో మొదలుపెట్టడానికి గాని వీలులేదు. వర్చువల్ అని రాస్తే అది వెబ్ చిరునామా దారి. స్లాష్‌తో మొదలైతే సైటు మూలం నుంచి లెక్క. వర్చువల్‌లో కూడా సైటు పేరుతో సహా పూర్తి చిరునామా రాయకూడదు. నా సలహా ఏమిటంటే ఫైల్ అనేదాన్ని మరచిపోయి, ఎప్పుడూ వర్చువల్‌నే స్లాష్‌తో రాయండి. అప్పుడు పేజీని ఏ ఫోల్డరుకు మార్చినా ఆ వరుసను ముట్టుకోనక్కరలేదు.

దారి సరిగానే ఉంటే, లినక్స్ సర్వర్‌లో పేరులోని పెద్ద, చిన్న అక్షరాల తేడాను, ఫైలు చదివే అనుమతిని, వంపు తిరిగిన కొటేషన్ గుర్తులను చూడాలి. ఆ వంపు గుర్తులు సర్వర్ దృష్టిలో కొటేషన్లు కావు. ఎర్రర్ లాగ్ చివరి వరుసలు చదివితే చాలాసార్లు ఏ ఫైలు దగ్గర ఆగిందో పేరుతో సహా ఉంటుంది.

సర్వర్‌లో ప్రోగ్రామును నడిపించే ఎగ్జెక్ ఆదేశం దగ్గర మాత్రమే దోషం వస్తే, చాలావరకు డైరెక్టరీకి ఇన్‌క్లూడ్స్ బదులు, ఎగ్జెక్‌ను నిషేధించే ఇన్‌క్లూడ్స్ నోఎగ్జెక్ అమర్చి ఉంటుంది. దానిని సడలించవద్దు. బయటివారు పాఠ్యం చేర్చగల పేజీలో ఎగ్జెక్ పనిచేస్తే సర్వర్ తాళాలు వారికి అప్పగించినట్లే. సీజీఐ, అంటే సర్వర్‌లో నడిచే ప్రోగ్రాము, ఇచ్చే ఫలితం కావాలంటే, కాన్ఫిగరేషన్‌లో స్క్రిప్ట్ ఎలియస్ వరుసతో చూపిన డైరెక్టరీలోని ప్రోగ్రామును ఇన్‌క్లూడ్ వర్చువల్‌తోనే పిలవవచ్చు.

లక్షణం: చేర్చిన ఫైలు వచ్చింది గాని, దానిలోని ఆదేశాలు పనిచేయలేదు

మెనూ ఫైలు పొడిగింపు డాట్ హెచ్‌టీఎంఎల్ అయి, ఫిల్టరు డాట్ ఎస్‌హెచ్‌టీఎంఎల్‌కు మాత్రమే ఉంది. పేరు మార్చండి.

లక్షణం: మొదటి పేజీలో మెనూ బాగుంది, లోపలి ఫోల్డర్లలో బొమ్మలు, లింకులు విరిగాయి

అతికించడంతో సర్వర్ పని ముగుస్తుంది. లింకులను తెరిచే బ్రౌజర్‌కు మెనూ వేరే ఫైలు నుంచి వచ్చిందని తెలియదు. అది ప్రతి దారినీ పేజీ చిరునామా నుంచే లెక్కిస్తుంది. మెనూలోని లింకులన్నింటినీ స్లాష్‌తో మొదలుపెట్టడమే మందు.

లక్షణం: తెలుగు అక్షరాలు చెదిరిపోయాయి, లేదా మెనూ పైన అనవసరమైన ఖాళీ వచ్చింది

పేజీ అంతా చెదిరితే, సర్వర్ పంపే క్యారెక్టర్ సెట్ హెడరు యూటీఎఫ్-8 కాదు. యాడ్ డిఫాల్ట్ క్యారెక్టర్‌సెట్ వరుసతో సరిచేయవచ్చు. చేర్చిన భాగం మాత్రమే చెదిరితే ఆ ఫైలును వేరే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేశారు. పాత డీటీపీ పాఠ్యం, అంటే అను ఫాంట్ల వంటి వాటిలో టైపు చేసినది, నేరుగా అతికించినా చెత్త అక్షరాలే వస్తాయి గాని, దానికి ఏ సర్వర్ అమరికా పనిచేయదు. పాఠ్యాన్ని యూనికోడ్‌కు మార్చుకోవలసిందే. ఇక పైన వచ్చే ఖాళీకి తరచుగా కారణం, ఎడిటర్ ఫైలు మొదట్లో ఉంచిన బీఓఎం అనే కనిపించని గుర్తు. చేర్చినప్పుడు అది పేజీ నడుమకు వచ్చి పడుతుంది. బీఓఎం లేని యూటీఎఫ్-8గా మళ్లీ సేవ్ చేయాలి.

లక్షణం: నేటి వారం పేరు ఆంగ్లంలో వస్తోంది, లేదా నిన్నటిది వస్తోంది

కాన్ఫిగ్ ఆదేశంలోని టైమ్‌ఫార్మాట్ వారాల పేర్లను మామూలుగా ఆంగ్లంలోనే ఇస్తుంది. పేరును అడగకుండా, శాతం గుర్తు పక్కన చిన్న డబ్ల్యూ రాసి అంకెను అడగండి. ఆదివారానికి 0, శనివారానికి 6 వస్తాయి. ఆ అంకెను, షరతులు పెట్టే ఇఫ్, ఎలిఫ్ ఆదేశాలతో పోల్చి ఏడు తెలుగు పేర్లలో సరైనదాన్ని చూపవచ్చు.

నిన్నటి పేరు తెల్లవారుజామున మాత్రమే వస్తే, సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక కాలంలో, ఉంది. భారత కాలం దానికంటే 5.30 గంటలు ముందు కాబట్టి, అర్ధరాత్రి నుంచి ఉదయం 5.30 వరకు పేజీ ముందు రోజునే చూపుతుంది. పంచాంగం లెక్కన వారం సూర్యోదయంతోనే మారుతుంది కనుక ఆ సర్వర్‌ను పూర్తిగా తప్పుపట్టలేము గాని, క్యాలెండరు కావాలనుకునేవారు సర్వర్ కాలమండలాన్ని ఆసియా/కోల్‌కతాకు మార్చి అపాచీని రీస్టార్ట్ చేయాలి.

లక్షణం: అపాచీ 2.2 నుంచి 2.4కు మారగానే ఇఫ్ ఆదేశాలన్నీ చెడిపోయాయి

2.4లో షరతుల వ్యాకరణం మారింది. డాలరు గుర్తుతో రాసిన పాత చలరాశులను, వీ అక్షరం పక్కన బ్రాకెట్లలో పేరు ఉంచే కొత్త పద్ధతికి మార్చాలి. అంత సమయం లేకపోతే ఎస్‌ఎస్‌ఐ లెగసీ ఎక్స్‌ప్రెషన్ పార్సర్‌ను ఆన్ చేస్తే పాత వ్యాకరణమే నడుస్తుంది.

లక్షణం: మెనూ మార్చినా పాత మెనూయే కనిపిస్తోంది

ఎక్స్‌బిట్‌హ్యాక్ విలువ ఫుల్ అని ఉండి, పేజీ ఫైలుకు గ్రూపు ఎగ్జిక్యూట్ అనుమతి ఉంటే, సర్వర్ ఆ పేజీ ఫైలు మారిన తేదీనే బ్రౌజర్‌కు చెబుతుంది. మెనూ ఫైలు తేదీ లెక్కలోకి రాదు. పేజీ మారలేదనుకుని బ్రౌజర్ తన దగ్గరి ప్రతినే చూపుతుంది. ఫుల్‌ను ఆన్‌గా మార్చండి, లేదా మెనూ మార్చినప్పుడల్లా అన్ని పేజీల తేదీలను టచ్ కమాండుతో తాజా చేయండి.

లక్షణం: అపాచీలో నడిచిన పేజీ ఎన్‌జిన్‌ఎక్స్‌లో నడవడం లేదు

అక్కడ ఎస్‌ఎస్‌ఐ మొదట ఆఫ్‌లో ఉంటుంది. లొకేషన్ బ్లాకులో ఆన్ చేయాలి. ఎగ్జెక్, ఎఫ్‌సైజ్ (ఫైలు పరిమాణం చూపేది), ఎఫ్‌లాస్ట్‌మాడ్ (ఫైలు మారిన తేదీ చూపేది) ఆదేశాలు ఎన్‌జిన్‌ఎక్స్‌లో లేవు, వాటిని పేజీల నుంచి తీసివేయవలసిందే. వెనుక ఉన్న మరో సర్వర్ నుంచి పేజీ వస్తుంటే, అది జీజిప్‌తో కుదించి పంపిన పాఠ్యంలో ఎన్‌జిన్‌ఎక్స్‌కు ఆదేశాలు కనిపించవు. వెనుక సర్వర్‌కు పంపే యాక్సెప్ట్ ఎన్‌కోడింగ్ హెడరును ఖాళీగా ఉంచితే పేజీ కుదింపు లేకుండా వచ్చి ఆదేశాలు పనిచేస్తాయి.