కుండీలో మొక్క మొరాయిస్తే

ఆకులు పసుపు పచ్చబడి మొక్క వాడిపోతోంది

వాడింది కదా అని ఇంకో మగ్గు నీళ్లు పోస్తాం. మిద్దె తోట మొదలుపెట్టిన కొత్తలో ఎక్కువ మొక్కలు పోయేది ఇలాగే. నీళ్లు తక్కువైనా మొక్క వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది. మట్టిలో నీరు నిలిస్తే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు ఇక నీళ్లు పీల్చుకోలేదు.

పోసే ముందు వేలిని రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజుకి నీళ్లు వద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. కారకపోతే రంధ్రం మూసుకుపోయినట్టే, పుల్లతో పొడవండి. వట్టి ఎర్రమట్టి నింపి ఉంటే అది ఇటుకలా గట్టిపడుతుంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి మళ్లీ నాటండి. ఎరువు బాగా మాగినదై ఉండాలి. పచ్చి పేడ వేసి నేనొక గులాబీని పోగొట్టుకున్నాను, వేళ్లు మాడిపోయాయి.

బీర పాదుకు బోలెడు పూలు, కాయ లేదు

టెన్షన్ వద్దు. మొదట వచ్చేవి దాదాపు అన్నీ మగపూలే. ఆడపువ్వు వెనక చిటికెన వేలంత పిందె కనిపిస్తుంది. ఆ పిందె పండి రాలిపోతుంటే మాత్రం పరాగం అందలేదని అర్థం. పై అంతస్తులకు తేనెటీగలు తక్కువగా వస్తాయి కాబట్టి ఆ పని మనమే చేయాలి. మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా రాయండి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి తెల్లవారుజామున. పొద్దున్నే బీర దగ్గరికి వెళ్లి పువ్వు వాడిపోయి ఉందని నిట్టూర్చే వాళ్లను చాలామందిని చూశాను!

మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి

ఎటువైపు ముడిచిందో చూడండి. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే తామర పురుగు, అది పై ముడత. కిందికి వంగి బోర్లించిన దోనెలా ఉంటే నల్లి (మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు), అది కింది ముడత. తామర పురుగుకు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. వారం తర్వాత మళ్లీ. నల్లికి నీళ్లలో కలిసే గంధకం, లీటరుకు 3 గ్రాములు. రెండూ వెంటవెంటనే కొడితే ఆకు మాడుతుంది, రెండు వారాలైనా ఎడం ఉండాలి. తెల్లదోమ కనిపించి, ఆకులు చిన్నవై, మొక్క గిడసబారితే అది వైరస్. దానికి మందు లేదు, పీకేయండి.

ఎండాకాలం టమాటా పూత రాలుతోంది

పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటాకు కాయ నిలవడం కష్టం. షేడ్ నెట్ కొంత కాపాడుతుంది. అసలైతే ఏప్రిల్, మే నెలల్లో పూతకొచ్చేలా నాటకపోవడమే మేలు.

కొత్తిమీర మొలవడం లేదు

ధనియం ఒక్క గింజ కాదు, రెండు బద్దలు. చపాతీ కర్రతో మెల్లగా నలిపి విడదీసి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున చల్లండి. పది రోజులు ఓపిక పట్టండి, మధ్యలో మట్టి తవ్వి చూడకండి.