ఏడో పాఠం: ఖరీదైన బేస్ గిటార్ మీ ధ్వనికి సరిపోతుందా?

పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసాన్ని చాలామంది శ్రద్ధగానే చేశారు. మీ సొంత బేస్ మీద ఎనిమిది బార్లు (తాళావర్తాలు), కొనాలని మనసుపడిన ఖరీదైన బేస్ మీద మళ్లీ అవే ఎనిమిది బార్లు వాయించి, రెండూ విని అభిప్రాయం రాయమన్నాను. అందరిదీ ఒకే మాట: ఖరీదైనదే నిండుగా ఉంది, స్పష్టంగా ఉంది, ఇక తీసేసుకోవచ్చు. ఆ మాటతోపాటు పంపిన రికార్డింగులు కూడా విన్నాను. దాదాపు ప్రతి జతలోనూ రెండోది మొదటిదానికన్నా గట్టిగా మోగుతోంది. కొన్నింట్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మరికొన్నింట్లో మీటరు చూస్తే తప్ప తెలియదు. ఎక్కువ ప్రమాదం ఈ రెండో రకంతోనే.

రెండింటి స్థాయినీ ముందు సమం చేసుకోవాలని అభ్యాసం మొదట్లోనే ఉంది. ఆ షరతు దాటేసి చేసిన పోలికతో బేస్ గురించి ఏమీ తేలదు. అందుకని ఈసారి పికప్‌ల (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) పాఠాన్ని కుదించి, ముందు ఈ చిక్కు విప్పుదాం. శ్రుతి, తీగల ఎత్తు, ఇంటొనేషన్ (తీగ పొడవునా ఎక్కడ నొక్కినా శ్రుతి సరిపోవడం) మూడో పాఠంలో అయిపోయాయి. రెండు బేస్‌లూ సరిగ్గా సెటప్ అయి ఉన్నాయనే అనుకుని ముందుకు వెళ్తున్నాను.

గట్టిగా వినిపించేది బాగున్నట్టే ఉంటుంది

మన చెవి అన్ని స్వరాలనూ ఒకే తీరుగా వినదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మంద్రస్వరాలు చెవికి సరిగా ఆనవు. శబ్దం పెంచేకొద్దీ అవి మిగతావాటికన్నా వేగంగా పైకి లేస్తాయి. బేస్‌లో ఏ ఫ్రెట్టూ (మెడ మీది అడ్డ లోహపు గీత) నొక్కని ఇ తీగ మోగేది 41.2 హెర్ట్జ్ దగ్గర. అంటే చెవి బాగా బలహీనంగా ఉండే చోటే మన వాద్యం మొదలవుతుంది. అందుకే ఇంకే వాద్యానికన్నా బేస్‌కు ఈ మోసం ఎక్కువ. రెండు మూడు డెసిబెల్స్ పెంచితే చాలు, అదే బేస్ అడుగున కండ పట్టినట్టు అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉంటే శబ్దం పెరిగిందని కూడా తోచదు. నాణ్యత పెరిగిందనే తోస్తుంది. "నిండుగా", "దగ్గరగా", "ప్రాణం ఉన్నట్టు" అని మీరు రాసిన మాటలు చాలావరకు ఈ ఒక్క డెసిబెల్‌కు చెందినవే.

ఖరీదైన బేస్ ఎందుకు గట్టిగా మోగుతుంది? ఎక్కువసార్లు లోపలి ప్రీఆంప్ వల్ల. 9 వోల్టుల బ్యాటరీతోనో, రెండు బ్యాటరీలు కలిపి 18 వోల్టులతోనో నడిచే ఈ యాక్టివ్ సర్క్యూట్ పికప్ నుంచి వచ్చే సంకేతాన్ని పెంచి బయటికి పంపుతుంది. మీ పాత ప్యాసివ్ బేస్‌కు ఆ సాయం లేదు.

"ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ నాబ్ కదపలేదు, కాబట్టి రెండూ సమానమే" అని కొందరు వాదించారు (ఇంటర్‌ఫేస్ అంటే బేస్‌ను కంప్యూటరుకు కలిపే పెట్టె, గెయిన్ దాని మీద స్థాయి పెంచే నాబ్). ఇక్కడే నాకు ఓపిక తగ్గుతుంది. నాబ్ కదపకపోతే తేడా ఉన్నది ఉన్నట్టే రికార్డయిందని అర్థం. సమం కావాలంటే ఎక్కువ స్థాయి ఉన్నదాన్ని తగ్గించాలి.

ఇంకొందరు సాఫ్ట్‌వేర్‌లో నార్మలైజ్ బటన్ నొక్కి సమం అయిపోయిందన్నారు. కాలేదు. నార్మలైజ్ సాధారణంగా చూసేది ఆ రికార్డింగులో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాన్ని. కొత్త తీగ మీద వేలు తగిలిన క్షణంలో టప్పుమని ఒక పదునైన శిఖరం లేస్తుంది. పాత తీగ మీద అది మొద్దుబారి ఉంటుంది. శిఖరాలు సమం చేస్తే కొత్త తీగలున్న బేస్ సగటున మెల్లగా, పాత తీగలది గట్టిగా వస్తుంది. ఒక్క స్వరం పొరపాటున గట్టిగా మీటినా మొత్తం రికార్డింగు కిందికి దిగిపోతుంది. చెవి స్థాయిని అంచనా వేసేది సగటుతో. కాబట్టి చూడాల్సింది సగటును కొలిచే మీటరు: ఎల్‌యూఎఫ్ఎస్ గానీ, ఆర్ఎంఎస్ గానీ. ఎనిమిది బార్లకూ కలిపి వచ్చిన అంకె రెండింటిలోనూ అర డెసిబెల్ లోపు కలవాలి. కలిసేదాకా గట్టిగా ఉన్నదాని ఫేడర్ (స్థాయిని మార్చే మీట) దించండి. అప్పటిదాకా తీర్పు రాయొద్దు.

కేబుల్ విషయంలోనూ కొంచెం జాగ్రత్త కావాలి. పొడవైన కేబుల్ ప్యాసివ్ బేస్‌లో పైస్వరాల పదును తగ్గిస్తుంది. యాక్టివ్ బేస్ మీద ఆ ప్రభావం దాదాపు ఉండదు. రెండింటికీ ఒకే పొట్టి కేబుల్ వాడండి. లైన్ ఇన్‌పుట్‌లో కాకుండా ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లోనే పెట్టండి, లేకపోతే ప్యాసివ్ బేస్ గొంతు మూసుకుపోతుంది.

యాక్టివ్ బేస్ చేతికి రాగానే నేను చేసే మొదటి పని, ప్యాసివ్ స్విచ్ ఉంటే అటు తిప్పడం. లేకపోతే నాబ్‌లన్నీ నడిమికి తెస్తాను. చాలా బేస్‌లను మంద్రం, తారం రెండూ కొంచెం పెంచి చేతికిస్తారు. ఒంటరిగా విన్నప్పుడు అది అద్భుతంగా ఉంటుంది. డ్రమ్స్, గిటార్ కలిశాక అడుగు భాగాన్ని కిక్ డ్రమ్, పైభాగాన్ని సింబల్స్, గిటార్ ఆక్రమిస్తాయి. అప్పుడు బేస్ ఏ స్వరం వాయిస్తోందో చెప్పేది మధ్యభాగమే, సుమారుగా 200 నుంచి 800 హెర్ట్జ్ వరకు. దాన్ని తగ్గించేస్తే అంత ఖరీదైన వాద్యం పాటలో కనిపించకుండా పోతుంది. ఒంటరిగా కాస్త మొరటుగా అనిపించే ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ పాటలో ఇన్నేళ్లుగా నిలబడిందంటే ఆ మధ్యభాగం బలమే.

తీగలు

పాత తీగలతో ఉన్న మీ బేస్‌ను కొత్త తీగలతో ఉన్న బేస్‌తో పోల్చకండి. రెండింటికీ ఒకే రకం, ఒకే మందం సెట్, ఒకే రోజు వేయండి. .045 నుంచి .105 అంగుళాల మందం సెట్ అయితే సరిపోతుంది. ఖర్చవుతుందని వెనకాడేవాళ్లు బేస్ ఖర్చుతో పోల్చుకుని చూడండి.

అమెరికన్ బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ మోటౌన్ సంస్థ రికార్డింగుల్లో ఎక్కువగా వాయించింది 1962 నాటి ప్రెసిషన్. ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు నున్నగా ఉండేవి), వాటిని మార్చడానికి ఆయన ఇష్టపడేవాడు కాదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ ధ్వని మీకు కావాలంటే ముందు మార్చాల్సింది తీగలు, తర్వాత వేలు. మిమ్మల్ని వెంటాడుతున్న ధ్వని అలాంటిదే అయితే ఒక ఫ్లాట్‌వౌండ్ సెట్‌తో మీ వెతుకులాట ముగిసిపోవచ్చు.

డబ్బుతో వచ్చేది, రానిది

పికప్ ఎక్కడ ఉందన్నది జ్యామితి. దానికీ ధరకూ సంబంధం లేదు. తీగ పొడవులో బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే భాగం) నుంచి నాలుగో వంతు దూరంలో సన్నని పికప్ పెడితే, ఏ ఫ్రెట్టూ నొక్కని తీగ నాలుగో హార్మోనిక్ (మూలస్వరానికి నాలుగు రెట్ల వేగంతో కంపించే ఉపస్వరం) దానికి వినపడదు, ఎందుకంటే సరిగ్గా అక్కడ ఆ హార్మోనిక్‌కు కదలిక లేదు. పికప్ కాస్త జరిగితే ఇంకో హార్మోనిక్ బలహీనపడుతుంది, గొంతు మారిపోతుంది. ఫెండర్ జాజ్ బేస్ 1960లో రెండు పికప్‌లతో వచ్చింది. 1970లలో దాని వెనక పికప్‌ను బ్రిడ్జ్ వైపు కొద్దిగా జరిపారు. జరిపింది సుమారు ఒక సెంటీమీటరే, కానీ ఆ రెండు కాలాల జాజ్ బేస్‌లను ఇప్పటికీ వేరు చేసి వింటారు. ప్రెసిషన్ 1951లో వచ్చింది, 1957లో దానికి రెండు ముక్కల పికప్ అమర్చారు. ఆ చోటు, ఆ పికప్ మీ ధ్వనికి ఆధారమైతే, బ్రిడ్జ్ దగ్గర రెండు హంబకర్‌లు (గుయ్ శబ్దం తగ్గించే జంట చుట్ల పికప్‌లు) ఉన్న బేస్ ఎంత గొప్పదైనా ఆ గొంతు ఇవ్వదు. ప్రీఆంప్ ఉన్నదాన్ని పెంచగలదు, తగ్గించగలదు. పికప్ వినని హార్మోనిక్‌ను తెచ్చి పెట్టలేదు.

మరి డబ్బుతో వచ్చేదేమిటి? నాలుగు తీగల మధ్య సమతూకం, ఫ్రెట్‌ల పనితనం, కార్బన్ ఫైబర్ కడ్డీలు వేసిన నెక్ (వాద్యం మెడ) అయితే వాతావరణం మారినా వంగకుండా ఉండటం, తక్కువ బరువు, తక్కువ గుయ్ శబ్దం. ఇవన్నీ నిజమైన లాభాలే, నేను వీటికి విలువ ఇస్తాను. నెక్ ప్రతి ఋతువులోనూ అటూ ఇటూ అవుతూ ఉంటే ధ్వని గురించి ఆలోచించడానికి తీరికే ఉండదు. కాకపోతే ఇవి వాయించడంలోని సుఖాలు. ధ్వని రంగును వేరే లెక్క వేసుకోండి.

ఖరీదు ఎంతయినా తప్పకుండా వెతకాల్సింది డెడ్ స్పాట్. ఒక చోట తీగ కంపనం నెక్ సొంత కంపనంతో కలిసినప్పుడు నెక్ ఆ శక్తిని పీల్చేసుకుంటుంది, స్వరం తొందరగా చచ్చిపోతుంది. ఫెండర్ తరహా నెక్‌లలో ఇది తరచుగా జి తీగ మీద ఐదు, ఏడు ఫ్రెట్‌ల మధ్య కనిపిస్తుంది. పరీక్ష ఇది: ఆంప్ ఆపేసి, జి తీగ మీద మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరాన్ని ఒకే బలంతో మీటి, ఆగిపోయేదాకా గడియారం చూడండి. ఇరుగుపొరుగు ఫ్రెట్‌లు పది సెకన్లు మోగి, ఒక్కటి మాత్రం నాలుగైదు సెకన్లకే బుస్సుమంటే దాని సంఖ్య రాసుకోండి. తర్వాత ఎవరినైనా హెడ్‌స్టాక్‌ను (తీగల మరలుండే తల భాగాన్ని) గట్టిగా పట్టుకోమని అదే స్వరం మళ్లీ మీటండి. ఆయుష్షు మారితే ఆ చావు నెక్‌దేనని తేలినట్టే. మీ పాటల్లో ఆ స్వరం మీద ఎక్కువసేపు నిలబడే పని ఉంటే ఆ బేస్ మీది కాదు.

ఐదు తీగల బేస్ కోసం చూస్తున్నవాళ్లకు ఒక్క మాట. కింది బి తీగ 30.87 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అక్కడ బిగువు చాలకపోతే స్వరం ముద్దగా వస్తుంది. తీగ, శ్రుతి అవే ఉంటే బిగువు పొడవు వర్గంతో పెరుగుతుంది. 34 అంగుళాల నుంచి 35కు వెళితే సుమారు 6 శాతం, ఫ్రెట్‌లు వాలుగా ఉండే డింగ్‌వాల్ తరహా బేస్‌లో బి తీగ 37 అంగుళాలైతే సుమారు 18 శాతం. ధ్వనికి సూటిగా ఉపయోగపడే ఖర్చు ఇది. అయితే బి తీగ మీ పాటల్లో నిజంగా మోగుతుందా అన్నది ముందు చూసుకోండి.

మీ ధ్వని ఏది?

ఎవరూ రాయని జవాబు ఇదే. "వెచ్చగా", "పంచ్‌తో" అనే మాటలు చాలవు. మీ బృందం రికార్డింగు ఒకటి తీసుకుని, బేస్ ట్రాక్ ఆపేసి వినండి. పాటలో ఏ భాగం ఖాళీ అయిందో ఆ ఖాళీయే మీ పని. గాయని వెనక మూలస్వరాలు పట్టి నిలబెట్టేవాళ్లకు అడుగు, మధ్యభాగం కావాలి. పై ఫ్రెట్‌లలో పాడినట్టు వాయించేవాళ్లకు వెనక పికప్ (బ్రిడ్జ్ వైపుది) కావాలి. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లు తీసేసిన జాజ్ బేస్ మీద ఎక్కువగా ఆధారపడింది ఆ పికప్ మీదే.

కుడిచెయ్యి ఎక్కడ పెడతారో కూడా రాసుకోండి. నెక్ చివర మీటితే ఒక గొంతు, బ్రిడ్జ్ పక్కన మీటితే ఇంకో గొంతు. ఈ తేడా చాలాసార్లు రెండు బేస్‌ల మధ్య తేడాకన్నా పెద్దది. నేనైతే ముందు ఇ తీగ మీద ఏడో ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా వాయిస్తాను. మందపాటి తీగ, పొట్టి పొడవు, అక్కడ స్వరం స్వరంలా వినిపించడం కష్టం. ఆ పరీక్షలో నెగ్గిన బేస్‌నే మిగతా వాటికి తీసుకుంటాను.

అభ్యాసం

ఈసారి కొంచెం కష్టం, మూడు రోజులకు పంచుకోండి. మీ పాటల్లోంచి పదహారు బార్ల లైన్ ఒకటి ఎంచుకోండి. రెండు బేస్‌లకూ ఒకే తీగలు, ఒకే కేబుల్, ప్రీఆంప్ నడిమిన. కుడిచెయ్యి మూడు చోట్ల పెట్టి ఒక్కో బేస్ మీద మూడు రికార్డింగులు చేయండి. సగటు మీటరుతో ఆరింటినీ సమం చేసి, ఒక్కోదాన్ని డ్రమ్స్, గిటార్ ట్రాక్‌లతో కలపండి. ఫోను స్పీకరులో వినకండి, మంద్రం అందులో దాదాపు రానే రాదు.

మర్నాడు ఒక మిత్రుడు పేర్లు దాచి, ఒకే చేతి స్థానంలో చేసిన జతల్లోంచి పదిసార్లు ఒక్కొక్కటి వినిపించాలి. ప్రతిసారీ నాణెం ఎగరేసి ఏ బేస్ అన్నది అతనే నిర్ణయించాలి. అది ఏదో మీరు ఒక కాగితం మీద రాయాలి. పదికి తొమ్మిది సరిగ్గా చెబితే మీకు తేడా నిజంగా వినిపిస్తోందనుకోవచ్చు, గుడ్డిగా చెబితే తొమ్మిదికి తగ్గకుండా సరిపోయే అవకాశం వందకు ఒకటి మాత్రమే. ఏడో ఎనిమిదో వస్తే మర్నాడు మళ్లీ చేయండి. అయిదూ ఆరుల దగ్గరే ఆగితే, ఆ బేస్‌ను కొనాలో వద్దో సుఖం, బరువు, పనితనం చూసి నిర్ణయించుకోండి, ధ్వని పేరు చెప్పకండి.

తొమ్మిదికి తగ్గనివాళ్లకే రెండో కాగితం. దాని మీద ఒకే ప్రశ్న: ఈ పాటకు ఈ రెండింట్లో ఏది ఉంచుతారు? పేర్లు ఇంకా దాచే ఉండాలి, మూడు వేర్వేరు పాటలకు విడివిడిగా జవాబు రాయాలి. రెండు కాగితాలూ, ఆరు రికార్డింగులూ వచ్చే పాఠానికి సిద్ధంగా ఉంచుకోండి. ప్రీఆంప్ నాబ్‌లను నడిమి నుంచి కదిపేది అప్పుడే.