క్రమశిక్షణతో ప్రోగ్రామింగ్ – 5వ పాఠం: ఒక్క కమిట్‌లో ఒక్క మార్పు

గత పాఠంలో రాసిన మార్కుల జాబితా ప్రోగ్రామును, మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనమైన గిట్‌లో పెట్టాం. అప్పటివరకూ చేసిన మార్పులను ఒక సందేశంతో ఆ చరిత్రలో నమోదు చేయడమే కమిట్. ఈ పాఠంలో ఎప్పుడు కమిట్ చేయాలో, ఒక కమిట్‌లో ఎంత ఉండాలో చూద్దాం. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది రోజంతా చేసిన పనిని సాయంత్రం ఒకేసారి, "మార్పులు" అన్న ఒక్క మాట రాసి కమిట్ చేస్తుంటారు.

మీరు అలాగే చేశారనుకోండి. వేరియబుళ్ల పేర్లు మార్చారు, ఇండెంటేషన్ సరిచేశారు, ఆ సందడిలో "35 లేదా అంతకన్నా ఎక్కువ" అని ఉండవలసిన షరతు "35 కన్నా ఎక్కువ"గా మారిపోయింది. సరిగ్గా 35 మార్కులు వచ్చిన విద్యార్థి తప్ప అందరి ఫలితమూ సరిగానే ఉంటుంది కనుక, ఆ తప్పు బయటపడేసరికి మరెన్నో కమిట్లు దాని మీద పేరుకుని ఉంటాయి.

ఇలాంటి తప్పును పట్టడానికే గిట్‌లో బైసెక్ట్ అన్న కమాండ్ ఉంది. ప్రోగ్రాము సరిగా పనిచేసిన ఒక పాత కమిట్‌నూ, పనిచేయని ఒక కొత్త కమిట్‌నూ దానికి చూపితే, అది మధ్యలోని కమిట్‌ను తెరిచి, సరిగా ఉందో లేదో చెప్పమంటుంది. మీ జవాబును బట్టి ప్రతిసారీ సగం కమిట్లను పక్కన పెడుతుంది. అందువల్ల వెయ్యి కమిట్లున్నా దాదాపు 10 పరీక్షల్లో తప్పు ఎక్కడ మొదలైందో తేలుతుంది. అయితే అది చూపేది కమిట్‌నే. ఆ కమిట్‌లో 600 వరుసలు మారి ఉంటే, అక్కడి నుంచి మళ్లీ కళ్లతో వెతుక్కోవలసిందే. మధ్యలోని కమిట్ అసలు నడవకపోతే దాని ప్రశ్నకు మీరు జవాబే చెప్పలేరు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఏ లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్ర భాగం) కోసం గిట్‌ను రాశారో, ఆ కెర్నెల్ నియమావళి కూడా ఒక్కో ప్యాచ్‌లో (పరిశీలనకు పంపే మార్పుల కట్టలో) ఒక్కో మార్పే ఉండాలనీ, ప్రతి ప్యాచ్ తర్వాతా కెర్నెల్ బిల్డ్ అయి నడవాలనీ అడుగుతుంది.

కమిట్‌కు ముందు డిఫ్, అంటే ఏయే వరుసలు మారాయో చూపే జాబితా, తప్పక చదవండి. రెండు పనులు కలిసిపోయి కనిపిస్తే, యాడ్ కమాండ్‌కు "-పి" ఆప్షన్ ఇచ్చి ముక్కముక్కగా ఎంచుకోండి. సందేశంలో ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాయండి. (పాస్‌వర్డ్ పొరపాటున చేరితే తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది, దాన్ని వెంటనే మార్చుకోవాలి.)

అభ్యాసం: మార్కుల జాబితాలో ఒక వేరియబుల్ పేరు మార్చి, గైర్హాజరైన విద్యార్థికి "ఏబీ" అని చూపే షరతు చేర్చండి. రెండింటినీ వేర్వేరుగా కమిట్ చేసి, మొదటి కమిట్‌కు వెనక్కి వెళ్లి ప్రోగ్రాము నడుస్తోందో లేదో చూడండి. వచ్చే పాఠంలో ఈ షరతుకే టెస్టులు రాద్దాం.