రోమ్‌లో ఇద్దరు కలిసి నడిచే ముందు

వేసవి సెలవులకు రోమ్ వెళ్తున్నారా? గది దాటే ముందు ఇవి చూసుకోండి.

ఇద్దరి పాస్‌పోర్టులు, కార్డులు ఒకే సంచిలో పెట్టకండి. టెర్మినీ స్టేషన్ దగ్గరా, వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సులోనూ జేబుదొంగల బెడద ఉంది. ఒక సంచి పోయినా రెండోది ఆదుకుంటుంది.

కొలోసియం టికెట్ల మీద పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా, వెనకా అన్న మన పాత తంటా సరిగ్గా ఇక్కడే ఎదురవుతుంది.

కొత్త బూట్లు వద్దు. పాత వీధుల్లో పరిచిన నల్లరాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, వాన పడితే జారతాయి.

ఒక చున్నీ పెట్టుకోండి. భుజాలు, మోకాళ్లు కనిపిస్తే సెయింట్ పీటర్స్ చర్చిలోకి రానివ్వరు.

ఖాళీ సీసా చాలు. వీధి కుళాయిల్లో మంచినీళ్లు రోజంతా పారుతుంటాయి. గొట్టం మూతిని వేలితో మూస్తే, పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు ఎగసి నేరుగా నోటికందుతాయి. మొదటిసారి చొక్కా తడవడం ఖాయం.

స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి, జరిమానా వేస్తారు.

ట్రెవీ ఫౌంటెన్ గుంపులో విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. పాంథియన్ అనే పురాతన గుడి ఎదుట, చౌకు మధ్యలో ఉన్న రాతి స్తంభం నయం.