ఫోము బాగా పొంగింది, శబ్దం మాత్రం తగ్గడం లేదు: ఎక్కడ చూడాలి?

పాలీయురిథేన్, ఎపాక్సీ అనే రెండు ప్లాస్టిక్కులు ఒకదానిలో ఒకటి అల్లుకున్న ఫోము శబ్దాన్ని పీల్చకపోతే అందరూ ముందుగా ఎపాక్సీ పాళ్లనే అనుమానిస్తారు. దయచేసి పాళ్ల జోలికి పోకండి. బాగా ఆరిన ముక్కకు రెండు వైపులా పైపొర కోసేసి, పెదవులకు ఆనించి గట్టిగా ఊదండి. గాలి దూరని చోట శబ్దమూ దూరదు. పైసా ఖర్చులేని ఈ పరీక్షను వదిలేసి నేరుగా ఇంపిడెన్స్ ట్యూబు (శబ్దం ఎంత పీల్చుకుంటుందో కొలిచే గొట్టం) దగ్గరికి వెళ్లేవారిని చూస్తే బాధగా ఉంటుంది.

గాలి ధారాళంగా పోతోందా? అయితే లోపం చాలావరకు మందంలో ఉంటుంది. 125 హెర్ట్జ్ శబ్దానికి తరంగదైర్ఘ్యం సుమారు 2.7 మీటర్లు. 25 మిల్లీమీటర్ల ఫోము దాన్ని ఆపలేదు. మందం పెంచండి, లేదా గోడకూ ఫోముకూ మధ్య ఖాళీ వదలండి.

గాలి పోకపోతే బుడగలు మూసుకుపోయాయన్నమాట. నీరు, ఐసోసయనేట్ (పాలీయురిథేన్ తయారీకి వాడే రెండు ముఖ్య ద్రవాల్లో ఒకటి) కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తాయి. పొంగు ముగిసే వేళకు ఆ వాయువు బుడగల పలుచని గోడలను చీల్చుకుని బయటపడాలి. అంతకుముందే పదార్థం బిగుసుకుంటే గోడలు చీలవు. డిసెంబరులో చక్కగా కుదిరిన పాళ్లే మే నెలలో వరంగల్ రేకుల షెడ్డులో దెబ్బతీసేది ఇందుకే: వేడికి అన్ని రసాయన చర్యలూ ఒకే లెక్కన వేగం పెంచుకోవు. గది ఉష్ణోగ్రత కాదు, డబ్బాలోని పాలియోల్ (ఐసోసయనేట్‌తో కలిపే రెండో ద్రవం) ఉష్ణోగ్రత కొలవండి. 25 డిగ్రీలకు దించాకే కలపండి.

అసలు మోసం ఆ తర్వాత ఉంది. మూసుకున్న ఫోము చల్లారాక పక్కలు లోపలికి పీక్కుపోతాయి. దాన్ని చూసి ఫోము కూలిపోయిందనుకుని, బిగువు కోసం స్టానస్ ఆక్టోయేట్ (ఫోమును త్వరగా బిగించే ఉత్ప్రేరకం) ఇంకా పెంచుతారు. దాంతో బుడగలు మరింత మూసుకుంటాయి. కూలడం వేరు, కుంచించుకోవడం వేరు. కూలే ఫోము పొంగుతుండగానో, పొంగిన కొద్ది నిమిషాల్లోనో దిగిపోతుంది. కోసి చూస్తే బుడగలు పెద్దవిగా, చిందరవందరగా ఉంటాయి. కుంచించుకునేది నిండుగా పొంగి, చల్లారుతూ ముడుచుకుంటుంది. బుడగలు సన్నగా, సమంగానే కనిపిస్తాయి. మొదటిదానికి ఆక్టోయేట్ పెంచవచ్చు. రెండోదానికి తగ్గించాలి, అదీ కొద్దికొద్దిగా. ఫోము నిలదొక్కుకుని ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే రోలర్ల మధ్య నొక్కితే మిగిలిన గోడలూ చీలతాయి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక నొక్కితే ఫోము అస్థిపంజరమే విరుగుతుంది.

బుడగలను నిలబెట్టే సిలికోన్ పాతబడటం, కలిపే పంకా వేగం వంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి సంగతి. వానాకాలంలో మాత్రం పాలియోల్ తేమ పీలుస్తుంది, డబ్బా మూత బిగించండి.