గర్భసంచి మూతి క్యాన్సర్: ఆపరేషన్ కంటే ముందు పరీక్ష

తెల్లబట్ట అవుతోందని చూపించుకోబోతే ‘గర్భసంచికి పుండైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటకు భయపడి గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మన సీమ పల్లెల్లో ఉన్నారు. తెల్లబట్టకు చాలాసార్లు కారణం మందులతో తగ్గే ఇన్ఫెక్షనే. మూతి ఎర్రగా కనబడినంత మాత్రాన క్యాన్సర్ కాదు. పరీక్ష చేయకుండా ఆపరేషన్ అంటే ఒప్పుకోకండి.

గర్భసంచి మూతి క్యాన్సర్‌కు మూలం దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరసే. కలయిక వల్ల సోకుతుంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే కాబట్టి ఎవరి నడతనూ అనుమానించే పని లేదు. ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోతే, ముఖ్యంగా 16, 18 రకాలు, మూతి కణాలను మెల్లగా మారుస్తాయి. అది క్యాన్సర్ కావడానికి మామూలుగా 15–20 ఏళ్లు, హెచ్‌ఐవీకి మందులు వాడనివాళ్లలో 5–10 ఏళ్లు పడుతుంది. పొగాకు ముప్పును పెంచుతుంది.

ఏ బాధా లేకున్నా 30 నుంచి 65 ఏళ్ల దాకా అయిదేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి. ఎక్కడ చేస్తారో మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎమ్మునో అడగండి. వీఐఏ పరీక్షలో 3–5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని దూదితో మూతికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. కణాలు మారిన చోట తెల్లమచ్చ తేలుతుంది. కోత లేదు, మత్తు లేదు, ఫలితం అక్కడే చెప్తారు. ముట్టు నిలిచిపోయినవాళ్లలో చూడాల్సిన భాగం లోపలికి పోతుంది గనుక వాళ్లు పాప్ స్మియర్ (మూతి నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ అడగాలి. ముట్టు రోజుల్లో వెళ్లొద్దు. రెండు రోజుల ముందు నుంచి కలయిక, లోపల పెట్టే మాత్రలు, క్రీములు మానండి. లేకుంటే కణాలు సరిగా చిక్కవు.

తెల్లమచ్చ అంటే క్యాన్సరని కాదు. కాల్పోస్కోపీతో, అంటే మూతిని పెద్దదిగా చేసి చూపే పరికరంతో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముందస్తు మార్పయితే ఆ కాస్త భాగాన్నే వేడితోనో అతి చల్లదనంతోనో నాశనం చేస్తారు, లేదా తీగ లూప్‌తో తీసేస్తారు. గర్భసంచి నిక్షేపంగా ఉంటుంది. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రులకు చీటీ రాసిస్తే శెనక్కాయ పనులయ్యాక పోదామనుకోవద్దు. వాయిదా పడిన చీటీలే ఎక్కువగా ప్రాణాల మీదికి తెస్తాయి.

ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా 9–14 ఏళ్ల మధ్య, ఆరు నెలల తేడాతో రెండు డోసులు. 15–26 మధ్యనైతే మూడు: మొదటిది వేసిన రెండు నెలలకు, ఆరు నెలలకు మిగతావి. మన దేశంలో తయారైన సెర్వావాక్ కూడా దొరుకుతుంది. టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపలేదు, 30 దాటాక పరీక్ష తప్పదు.

కలయిక తర్వాత రక్తం, ముట్టు నిలిచాక మళ్లీ రక్తం, దుర్వాసనతో నీరు కనబడితే మాత్రం ఏ వయసైనా ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. గర్భసంచి తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి. మూతిని ఉంచేసి పై భాగమే తీసి ఉంటే వాళ్లకూ ఈ పరీక్షలు వర్తిస్తాయి.